ప్రాణవాయువు - పొగ - మందుబిళ్ళ

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పయి ఐదేళ్లు గుమాస్తాగా రిజిస్టర్లు రాసినవాడిని. ఈ విషయం మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే. పొగ తాగుతూనే, దానికి విరుగుడని మందుబిళ్ళలు మింగినవాడిని.

మనం పీల్చే ప్రాణవాయువు వల్లనే తిన్న ఆహారం శక్తిగా మారుతుంది. ఆ పనిలో ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులు పుడతాయి. ఇవి కొంతవరకు అవసరమే. తెల్లరక్తకణాలు సూక్ష్మక్రిములను చంపేది ఇలాంటి వాటితోనే. మిగిలినవాటిని అణచే ఏర్పాటు కూడా శరీరంలో ఉంది. పొగాకు వల్లనో, ఏళ్ల తరబడి తగ్గని వాపు వల్లనో అవి మితిమీరి, అణచే శక్తి చాలకపోతే దానినే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు.

అప్పుడేమవుతుందో మన ఆఫీసు భాషలో చెబుతాను. కణంలోని డీఎన్ఏ అసలు రిజిస్టరు. ఫ్రీ రాడికల్స్ అందులో అక్షరాలు చెరుపుతాయి. చాలావరకు కణమే దిద్దుకుంటుంది. దిద్దకముందే కణం రెండుగా చీలితే ఆ తప్పు నకలులోకి ఎక్కుతుంది. ఇక ఆ నకలే అసలు. కణం పెరుగుదలను అదుపు చేసే పుటల్లో ఇలాంటి తప్పులు పోగుపడితే అది క్యాన్సరుకు దారి తీస్తుంది.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు ఆడవాళ్ళు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. మా అమ్మా తాగేది. ఆమె అంగిట్లో పుండు లేచింది. "వేడి చేసిందిరా, అదే పోతుంది" అనేది. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. అది చూసి కూడా నేను సిగరెట్టు మానలేదు. రిటైరయ్యాక ఫ్రీ రాడికల్స్ గురించి ఎక్కడో చదివి, పెన్షను డబ్బుతో బీటా కెరోటిన్ బిళ్ళలు కొన్నాను. విరుగుడు దొరికిందని ధీమా.

ఒక డాక్టరుగారు ఆ సీసా చూసి ఫిన్లాండు సంగతి చెప్పారు. అక్కడ పొగతాగే మగవారు 29,133 మందిపై పరీక్ష జరిపి, 1994లో ఫలితం ప్రకటించారు. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో విటమిన్ ఎ కూడా కలిపి ఇచ్చిన మరో పరీక్షలో 28 శాతం ఎక్కువ కనబడటంతో 1996లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. ఫ్రీ రాడికల్స్ క్యాన్సరు కణాన్నీ దెబ్బతీస్తాయి. బిళ్ళ ఆ కణానికీ గొడుగు పట్టవచ్చునని శాస్త్రజ్ఞులు అంటారు. నేను సీసా కొనేనాటికే ఈ ఫలితాలు లోకానికి తెలుసు. నాకే తెలియదు.

ఆ రోజే రెండూ మానేశానని చెప్పుకుంటే గొప్పగా ఉంటుంది. బిళ్ళలు ఆ రోజే పారేశాను. సిగరెట్టు మానటానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

కనుక నా విన్నపం. పొగాకు ఏ రూపంలో ఉన్నా మానండి. డెబ్బయ్యో ఏట మానినా లాభమే. ఆకుకూరలు, కూరగాయలు, పండ్లు తినండి. బిళ్ళలు మాత్రం డాక్టరు చెప్పనిదే కొనకండి. క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. నోట్లో పుండు గాని, తెల్లమచ్చ గాని మూడు వారాల్లో పోకపోతే వెంటనే చూపించుకోండి. మా అమ్మలా వేడి అనుకుని ఊరుకోకండి.