ఇనుమును తినే నీళ్లు



తెల్లారి బోరింగు కొడితే కొన్నిసార్లు మొదటి బిందెలో ఎర్రనీళ్లు వస్తాయి. కొంచెం సేపు కొట్టినాక తేటనీళ్లు వస్తాయి. ఎందుకు? గుమ్మఘట్టలో భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. అయినా వాన లేని ఏడు బోరే దిక్కు. అందుకే ఈ సంగతి ఆడవాళ్లకు తెలియాలి.

బోరు లోపల ఇనుప పైపులు ఉంటాయి. రాత్రంతా వాటిలో నీళ్లు కదలకుండా నిలుస్తాయి. ఇనుముకు నీళ్లూ గాలీ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పునీళ్లయితే ఇంకా బిరీన పడుతుంది. ఆ తుప్పే ఎరుపు.

ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే చిలుము ఎక్కుతుంది. అందుకే లోపల కళాయి పూయిస్తారు. బోరు పైపుకు జింకు పూత పూస్తారు. జింకు ముందు తాను అరిగి ఇనుమును కాపాడుతుంది. పూత పోతే పైపుకు చిల్లు పడుతుంది. అప్పుడు ఎంత కొట్టినా బిందె నిండదు.

మరి భూమిలోనే నీళ్లు మరిగే చోట ఏమవుతుంది? ఐస్‌లాండ్ దేశంలో అగ్నిపర్వతాలు ఉన్నాయి. అక్కడ భూమిలోని ఆవిరితో కరెంటు తీస్తారు. 2009లో క్రాఫ్లా అనే చోట బోరు వేశారు. సుమారు 2 కిలోమీటర్ల లోతున కరిగిన రాయి తగిలింది. ఆ బోరు ఆవిరి వేడి సుమారు 450 డిగ్రీలు. అందులో ఆసిడ్ కూడా ఉంది. చివరకు పైనున్న వాల్వు పాడైంది. 2012లో ఆ బోరును ఆపేశారు.

స్టీలు గిన్నెకు తుప్పు ఎందుకు పట్టదు? ఆ ఇనుములో క్రోమియం కలుపుతారు. అది కంటికి కనపడని పొర కడుతుంది. గీత పడినా పొర మళ్లీ కట్టుకుంటుంది. కానీ ఉప్పూ వేడీ కలిస్తే స్టీలుకూ గుంటలు పడతాయి. అందుకే అగ్నిపర్వతాల దగ్గర అవసరమైన చోట నికెల్ ఎక్కువగా కలిపిన లోహాలు, టైటానియం వాడతారు. వాటి ధర చాలా ఎక్కువ.

అన్ని నీళ్లకూ ఒకే లోహం పనికిరాదు. నీళ్ల గుణం చూసి పైపు వేయాలి.

మీ ఊరి బోరింగు విప్పినప్పుడు దగ్గర నిలబడి చూడండి. పూత పోయిన పైపును మార్చమని అడగండి. నీళ్లను పరీక్ష చేయించమని అర్జీ పెట్టండి. తేటనీళ్లన్నీ మంచినీళ్లు కావు. ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు.

ఆ అర్జీ ఇంకొకరి చేత రాయించకండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు. మీరే రాయండి, కింద వేలిముద్ర కాదు, సంతకం పెట్టండి.