అక్షరము తడబడు బిడ్డ - తగిన గురువు



నేను ముప్పది యేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు బోధించితిని. నా తరగతిలో నొక బాలుడుండెను. రెండుసార్లు విన్నచో పద్యమును తప్పు లేక యప్పగించెడివాడు. పుస్తకము చేతికిచ్చినచో మాత్రము ‘మ’ను ‘య’గా చదువును, ఒత్తులను విడుచును, గుడికిని గుడిదీర్ఘమునకును భేదము తెలియక వ్రాయును. సోమరితనమని తలచి నేను వానిని బెత్తముతో కొట్టితిని. వాడు బడి మాని పశువుల వెంట పోయెను. దోషము వానిది కాదు, నాదని నాకు మిక్కిలి యాలస్యముగా తెలిసినది.

నేను గురుముఖమున నమరము వల్లించి చదువుకొన్నవాడను. చెవితో విని నిలుపుకొనుట యొక శక్తి. మాటలోని ధ్వనులను విడదీసి యక్షరములతో కూర్చి చదువుట వేరొక శక్తి. ఈ రెండవది కొందరు బిడ్డలకు పుట్టుకతోనే కొరవడును. దీనిని డిస్లెక్సియా యందురు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను నాంగ్లేయ వైద్యుడు, బుద్ధిశాలి యయ్యు చదువలేని పదునాలుగేండ్ల బాలుని గూర్చి వైద్యపత్రికలో వ్రాసెను. ఇది మందబుద్ధి కాదు. తల్లిదండ్రుల పాపము కాదు.

దీనికి మందు లేదు, బోధయే మందు. అయితే యట్టి బోధకు మంచి మనస్సొక్కటే చాలదు, శిక్షణము వలయును. శిక్షితుడగు గురువు మాటను ధ్వనులుగా విడదీయించును. ఒక్కొక్క ధ్వనికి నక్షరము చూపి, పలికించి, ఇసుకలో వ్రేలితో దిద్దించును. కన్ను, చెవి, నోరు, చేయి కలిసి పనిచేయును. మన వీధిబడుల యిసుక మీకు జ్ఞప్తికి వచ్చుచుండును. కాని యచ్చట నందరికి నొకటే వడి. ఇచ్చట బిడ్డ యెచ్చట తడబడెనో కనిపెట్టి, యచ్చటినుండియే మెట్టు మెట్టుగా నడిపింతురు. అమెరికాలో శామ్యూల్ ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్ అనువారు ఈ త్రోవ చూపిరి. చెన్నపట్టణమున మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చుచున్నది.

ఇక యోగ్యతాపత్రము మాట. 1992 నాటి చట్టముచే నేర్పడిన భారత పునరావాస మండలి, ప్రత్యేకోపాధ్యాయుల చదువునకు ప్రమాణములు నిర్ణయించి, ఉత్తీర్ణులైనవారి పేళ్లను కేంద్రపట్టికలో చేర్చుచున్నది. పట్టికలో చేరక యీ వృత్తి చేయువారికి, ఆ చట్టము ప్రకారము, ఏడాది వరకు కారాగారవాసమో, వేయి రూపాయల వరకు జరిమానాయో, లేక రెండునో విధింపవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును ఈ లోపమును గుర్తించినది.

కొన్ని దినముల తరగతి విన్న సామాన్యోపాధ్యాయుడు బిడ్డ కష్టమును పోల్చుకొనగలడు. అదియు మేలే. కాని దానిని పూర్ణశిక్షణముగా భ్రమింపరాదు. కావున పెద్దలారా, మీ బడిలో తడబడు బిడ్డను మొద్దని పిలువనీయకుడు. ప్రత్యేకోపాధ్యాయుడనని వచ్చినవారిని నమోదు సంఖ్య యేదని మర్యాదగా నడుగుడు. వైద్యుని పట్టా యడుగుట తప్పు కానపుడు, ఇది తప్పెట్లగును?

ఈ లోపము వంశమున నడచుటయు గలదు. నా శిష్యుని కుమారుడును చదువ తడబడుచున్నాడని యిటీవల వింటిని. తండ్రికి బెత్తము దొరకినది. కుమారునికైన గురువు దొరకవలయును.

సెలవు.