మన గడప క్రింది చరిత్ర



పూర్వకాలపు ఆనవాళ్లను చూచుటకు మ్యూజియమునకే పోనక్కరలేదు. కరీంనగరు ఇండ్ల గడపలకు వాడిన ఇక్కడి గ్రానైటు చాలవరకు సుమారు 250 కోట్ల ఏండ్ల నాటిది. బెల్లంపల్లి, గోదావరిఖని గనుల బొగ్గు 25 కోట్ల ఏండ్లకు పూర్వపు అడవి. ఆదిలాబాదు నల్లరేగడి, సుమారు 6½ కోట్ల ఏండ్ల క్రిందట పారిన లావా రాయియై, అరిగి, మట్టియైనది.

ఇక మానవుల ఆనవాళ్లు. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో త్రవ్వగా శాతవాహనుల నాటి ఇటుక బావులు, నాణెములు బయటపడినవి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన చిన్న నాణెములే, శాతవాహనులకు ముందు గోబద, నారన అను రాజులు ఉండిరని మనకు తెలిపినవి.

కాబట్టి మీకు ఒక మనవి. ఇంటికిగాని మందిరమునకుగాని పునాది త్రవ్వునపుడు, పాతకాలపు పెద్ద ఇటుకల వరుసయో కుండపెంకుల పొరయో కనబడిన యెడల, దానిని పెరికి గోడలో పెట్టవద్దు. ఏ లోతున, దేని ప్రక్కన ఉన్నదో అదియే దాని సాక్ష్యము. పెరికిన పిమ్మట అది వట్టి ఇటుక. పని ఆపి, తహసీల్దారుకో పురావస్తు శాఖకో తెలియజేయుడి. నిధి దొరికినచో కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి చట్టమే చెప్పుచున్నది.

మన ఊళ్ల పూర్వచరిత్రకు చాలచోట్ల ఆ మట్టి ఒక్కటే దస్తావేజు. దానిని మన బిడ్డలకు చెడకుండ అప్పగింతము.