గోనె సంచి తిరిగి రావాలి



ఈ రోజు మనం గోనె సంచి గురించి మాట్లాడుకుందాం. సంచి గురించి చెప్పడానికి ఏముంది అని నవ్వకండి. సంచి లేకపోతే ఏమవుతుందో 2020 యాసంగిలో మన రైతులు చూశారు.

అప్పుడు కరోనా వచ్చింది. లాక్‌డౌన్ పెట్టారు. మన దేశంలో గోనె సంచులు ఎక్కువగా పశ్చిమ బెంగాల్ మిల్లుల్లో తయారవుతాయి. ఆ మిల్లులు మూతపడ్డాయి. ఇక్కడేమో కల్లాల నిండా వడ్లు. కాంటా పెడదామంటే సంచుల్లేవు. సంచి లేకపోతే వడ్లు మిల్లుకు కదలవు. ఈలోగా వాన పడితే తడుస్తాయి, మొలకెత్తుతాయి. రైతు కష్టం మట్టిపాలవుతుంది. అప్పుడు ఆదుకున్నది పాత సంచులే. రేషన్ దుకాణాల నుంచి, మిల్లుల నుంచి వాటిని తెప్పించారు.

పాత సంచులు ఎక్కడ మిగులుతాయి? పలక తీయండి, లెక్క వేద్దాం.

కొనుగోలు కేంద్రంలో ఒక బస్తాకు 40 కిలోల వడ్లు పోస్తారు. 10 బస్తాలంటే 400 కిలోలు. 100 కిలోల వడ్లకు మిల్లు 67 కిలోల బియ్యం ఇవ్వాలి. అంటే 400 కిలోలకు 268 కిలోలు. బియ్యం బస్తాకు 50 కిలోలు. కాబట్టి 6 సంచులు సరిపోతాయి. మిగిలిన 4 సంచులు మిల్లులోనే ఉంటాయి. ఆ 6 సంచులు కూడా రేషన్ దుకాణంలో ఖాళీ అవుతాయి. ఇవన్నీ తిరిగి వస్తే మళ్ళీ వడ్లు నింపుకోవచ్చు.

గోలీసోడా తాగి సీసా తిరిగి ఇస్తాం గదా! ఇదీ అంతే.

సంచి మళ్ళీ పనికి రావాలంటే జాగ్రత్తలు కావాలి. కుట్టు విప్పేటప్పుడు దారం మాత్రమే కోయాలి, సంచిని కోయకూడదు. ఇనుప కొక్కెంతో లాగితే తూట్లు పడతాయి. తడి సంచిని మడత పెడితే బూజు పడుతుంది. దులిపి, ఎండబెట్టి, కట్టలు కట్టాలి. చిన్న చిరుగుంటే అప్పుడే దబ్బనంతో కుట్టాలి. పూర్తిగా చినిగిన గోనె మట్టిలో కలిసిపోతుంది. ప్లాస్టిక్ సంచి ఎండకు ముక్కలై పొలంలోనే ఉండిపోతుంది.

ఒక్క మాట మరవద్దు. అన్నీ మళ్ళీ వాడేవి కావు. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా నీళ్ళకు, నూనెకు వాడకూడదు. డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా పెద్ద విషం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉన్నా అది విషమే. ఎరువుల సంచిలో తిండి గింజలు పోయకండి.

మన జిల్లాలో మహిళా సంఘాలు వడ్ల కొనుగోలు కేంద్రాలు నడుపుతున్నాయి. అక్కడ పని చేసే అక్కలారా! వచ్చిన సంచులెన్ని, నింపినవెన్ని, చినిగినవెన్ని? రోజూ పుస్తకంలో రాయండి. ఎదుటివారు చెప్పిన లెక్కకు తల ఊపవద్దు. మనకిప్పుడు చదువు వచ్చింది. మన లెక్క మనమే రాసుకుందాం.

సంచి తిరిగి వస్తేనే వడ్లు కదులుతాయి. సెలవు.