కిటికీ అద్దాలు తుడిచే పని: రెండు వేల లోపు పెట్టుబడితో, ఖాళీ ఉన్న పూటే

(విశాఖపట్నంలో ఒక వార్డు మహిళా సమాఖ్య సమావేశంలో సంఘ సభ్యురాలు ఒకరు మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయిన సభ్యులు ఫోన్‌లో చదువుకునేందుకు వీలుగా రాసి పంపుతున్నాం. మీ సంఘం గ్రూపులో అందరికీ పంపండి.)

అక్కలూ, చెల్లెళ్లూ, వెనకాల నిలబడ్డ పిన్నిగారూ, రండమ్మా, ముందర కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

మన ఆర్పీగారు నన్ను "స్వల్ప పెట్టుబడితో స్వయం ఉపాధి" గురించి మాట్లాడమన్నారు. పేరు పెద్దదే గానీ నేను చేసేది కిటికీ అద్దాలు తుడవడం. పొద్దున పిల్లల్ని బడికి పంపాక బయల్దేరతాను, ఒంటిగంటకల్లా ఇంటికొచ్చేస్తాను. వారానికి మూడు రోజులే. మిగతా రోజుల్లో మిషను కుట్టుకుంటాను. అందుకే దీన్ని పూర్తి ఉద్యోగం అనుకోకండి. ఇంటి ఖర్చు మొత్తం దీని మీద పెట్టొద్దు.

ఈ పని మన ఊళ్లో ఎందుకు నడుస్తుందో ముందు చెప్తాను. మనది సముద్రం ఊరు. లాసన్స్ బే వైపు, బీచ్ రోడ్డు వైపు ఇళ్లు చూడండి. అద్దం ఈరోజు తుడిస్తే వారం తిరిగేసరికి పొగ పట్టినట్టు అవుతుంది. అది పొగ కాదు, ఉప్పు. గాలిలో తేమతోపాటు ఉప్పు వచ్చి అద్దానికి పట్టేస్తుంది. పాత పోస్టాఫీసు వైపు ఉండేవాళ్లకు పోర్టు దుమ్ము సంగతి నేను చెప్పక్కర్లేదు, గుడ్డ పెడితే నల్లగా వస్తుంది. ఇప్పుడు కట్టే అపార్ట్‌మెంట్లన్నిటికీ పెద్ద పెద్ద జరిపే అద్దాలే, బాల్కనీ తలుపు కూడా అద్దమే. ఇంట్లో పనిచేసే అమ్మాయి గిన్నెలు, ఇల్లు చూస్తుంది, అద్దాల జోలికి రాదు. ఆ ఇళ్లల్లో చాలా చోట్ల పెద్దవాళ్లిద్దరే ఉంటారు, పిల్లలు ఎక్కడో దూరాన ఉంటారు. స్టూలెక్కలేని వయసు వాళ్లది. ఇల్లంతా కడిగే కంపెనీలున్నాయి గానీ నాలుగు కిటికీల కోసం వాళ్లు రారు. ఆ నాలుగు కిటికీలే మన పని.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. ఇది చెప్పకుండా మిగతాదంతా చెప్తే మోసం చేసినట్టవుతుంది.

మొదట్లో సంఘం పొదుపు నుంచి 15,000 అప్పు తీసుకున్నాను. అందులో 11,000 పెట్టి నీళ్లు జోరుగా కొట్టే మిషను కొన్నాను. ఫోన్‌లో వీడియో చూసి కొన్నదే. మిగతా 4,000 యూనిఫాం, కార్డులు, ఆటో ఛార్జీలకు పోయింది. మొదటి ఇంట్లోనే ఆ నీళ్లు అద్దం కింద చానెల్ లోంచి లోపలికి వెళ్లి మంచం పరుపు తడిపేశాయి. డబ్బులివ్వలేదు సరికదా, నాతోనే పరుపు ఎండబెట్టించారు. రెండు నెలలు మూలపడేసి ఆ మిషను 5,000కి అమ్మేశాను. అంటే 6,000 పోయింది. కానీ సంఘానికి కట్టాల్సింది మొత్తం 15,000, వడ్డీతో. నేనొక్క కిస్తీ ఆపితే రేపు బ్యాంకు లింకేజీ రుణం అడిగేటప్పుడు నాతోపాటు మిగతా తొమ్మిది మందీ తలదించుకోవాలి కదా. చెవిదుద్దులు తాకట్టు పెట్టి కట్టాను. అవి విడిపించుకోవడానికి ఏడాది పట్టింది.

అప్పుడు మిషను అమ్మగా మిగిలిన సామానుతోనే రెండోసారి మొదలెట్టాను. అప్పుడర్థమైంది, అసలు కావాల్సిన సామానుకి రెండు వేలు కూడా అవదని.

రబ్బరు ఉన్న గ్లాస్ వైపరు ఒకటి కొనండి. నేల తుడిచేది కాదు, అద్దానికి వేరే ఉంటుంది, అడ్డంగా అరచేతి వెడల్పు కంటే కొంచెం ఎక్కువుంటే చాలు. రబ్బరు ఎక్కడా తెగి ఉండకూడదు, గోటితో రాసి చూడండి. మంచిది 250 దాకా ఉంటుంది, ఇందులో బేరం చూడకండి. మైక్రోఫైబర్ గుడ్డలు ఒక ఆరు. రెండు చిన్న బకెట్లు, ఒకటి సబ్బు నీళ్లకి, ఒకటి మంచి నీళ్లకి. చానెల్‌లో దుమ్ము తీయడానికి పాత టూత్ బ్రష్, ఒక పెయింట్ బ్రష్. పొడిగించుకునే కర్ర ఒకటి. స్ప్రే సీసా. చేతి తొడుగులు. ఆ మొత్తం 1,400 అయ్యింది నాకు. సబ్బంటారా, గిన్నెలు తోమే లిక్విడ్ సగం బకెట్‌కి నాలుగు చుక్కలు చాలు. ఎక్కువ వేస్తే నురగ పోక గీతలు మిగులుతాయి. చాలామంది అక్కడే పాడుచేసుకుంటున్నారు.

తుడిచే పద్ధతి కూడా చెప్తాను, దీనికి కొంచెం టైము పడుతుంది, వినండి.

ముందు దోమల మెష్, తర్వాత కింద చానెల్, ఆఖరికి అద్దం. ఈ వరస తప్పితే తుడిచిన అద్దం మీదే మెష్ దుమ్ము రాలుతుంది. ఉప్పు పట్టిన అద్దాన్ని పొడి గుడ్డతో అస్సలు రుద్దకండి. ఉప్పూ ఇసకా గరుకుగా ఉంటాయి, అద్దం మీద గీతలు పడతాయి, ఆ గీతలు పోవు, ఆ డబ్బు మనం కట్టాలి. ముందు మంచినీళ్లతో తడిపి, ఉప్పు కరిగి కిందికి జారనివ్వాలి. తర్వాత సబ్బు నీళ్లు. తర్వాత వైపరు పై నుంచి కిందికి లాగాలి. రెండోసారి లాగేటప్పుడు మొదటి గీత మీదకి రెండు వేళ్లంత ఎక్కించి లాగాలి. లాగిన ప్రతిసారీ రబ్బరు గుడ్డకి తుడవాలి. అంచుల్లో మిగిలిన చుక్కలు పొడి గుడ్డతో అద్దేయాలి.

ఎండ కొట్టే కిటికీ ఎండ తగ్గాకే. లేకపోతే మీరు లాగేలోపే సబ్బు నీళ్లు ఆరిపోయి మచ్చలవుతాయి. పొద్దున పడమటి వైపు కిటికీలు, తర్వాత తూర్పువి.

బోరు నీళ్లున్న అపార్ట్‌మెంట్లలో ఎంత తుడిచినా తెల్ల మచ్చలు వస్తాయి. దీనికొక చిట్కా ఉంది, ఎవరూ డబ్బులడగరు. ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో పట్టమని ఇంటివాళ్లకి ముందు రోజే చెప్పండి. ఆ నీళ్లలో ఉప్పూ సున్నమూ ఉండవు. ఆఖరి తడి దాంతో పెడితే మచ్చ రాదు. ఆర్వో మిషను వదిలే నీళ్లు మాత్రం వాడకండి, వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువుంటుంది. పాత మచ్చలకి వెనిగర్ కొంచెం నీళ్లలో కలిపి అద్దం మీద మాత్రమే రాయాలి. కిటికీ గట్టు పాలరాయి అయితే దాని మీద పడనీయకండి, మెరుపు పోతుంది. బాత్రూం యాసిడ్ ఎవరైనా తెచ్చి ఇచ్చినా ముట్టుకోవద్దు, అల్యూమినియం ఫ్రేము పాడవుతుంది. ఆ యాసిడ్‌నీ బ్లీచింగునీ కలిపితే విష వాయువు వస్తుంది, మూసిన బాత్రూంలో ఊపిరాడదు.

నల్ల ఫిల్ము అంటించిన అద్దాల మీద బ్లేడు పెట్టకండి.

రేటు ఎలా చెప్పాలి అని రోజూ అడుగుతారు. నేను కిటికీకి 40, బాల్కనీ తలుపుకి 80 అంటాను, మెష్‌తో కలిపి. ఒక ఇంట్లో 5 కిటికీలు, 2 బాల్కనీ తలుపులు ఉంటే 360 అవుతుంది. మేం ఇద్దరం వెళ్తాం, రెండు గంటల పని. ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండిళ్లు దొరికితే 720. ఆటో, సబ్బు కలిపి 60 తీసేస్తే 660, మనిషికి 330. నెలకి 12 రోజులంటే 3,960. వినడానికి బావుంది కదా. కానీ నాకు రెండోసారి మొదలెట్టిన నెలలో వచ్చింది 1,100 మాత్రమే. మూడో నెల దాటాకే ఒకే బిల్డింగులో రెండిళ్లు దొరకడం మొదలైంది. వాచ్‌మన్ భార్యతో మాట్లాడటం వల్ల దొరికాయి, కార్డుల వల్ల కాదు. సంక్రాంతి ముందు, దసరా దీపావళి ముందు పిలుపులు ఎక్కువ. వానల్లో తక్కువ.

ఆ తక్కువ రోజుల కోసం దుకాణాలు పట్టుకోండి. మందుల షాపు, మొబైల్ షాపు, కళ్లజోళ్ల షాపు, వీళ్లందరికీ ముందర అద్దమే. షాపు తెరిచే లోపు, వారానికోసారి, 50 రూపాయలు. ఒకే రోడ్డు మీద పది షాపులుంటే వారానికి 500. అది సంక్రాంతికీ వానకీ సంబంధం లేకుండా వస్తుంది. నేను ఇళ్ల కంటే షాపుల్నే ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు అసలు సంగతి. దయచేసి ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి.

ఒక ఇంట్లో, మూడో అంతస్తు, పెద్దావిడ "బయటి వైపు మచ్చ కనిపిస్తోందమ్మా, ఒక్క నిమిషం, సన్‌షేడ్ మీద కాలు పెట్టి తుడిచేయ్" అంది. మంచావిడే. నాకు కూడా పని పూర్తి చేసి పేరు తెచ్చుకోవాలని. పెట్టాను. పైన పాచి ఉంది. కాలు జారింది. ఎడమ చెయ్యి గ్రిల్లులో ఉంది కాబట్టి ఈరోజు మీ ముందు ఉన్నాను. మోచేతి దగ్గర ఈ మచ్చ అప్పటిదే. ఇంటికెళ్లి ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి మా పాప పక్కన పడుకుని నిద్రపట్టలేదు.

అప్పట్నుంచి ఒకటే పద్ధతి: రెండు కాళ్లూ ఇంటి లోపల నేల మీద. లేదంటే బాల్కనీ లోపల. గట్టెక్కను, సన్‌షేడ్ ఎక్కను, గ్రిల్లు పట్టుకుని బయటకి వేలాడను. అద్దం జరిపి, కర్రతో అందినంత మేరకు బయటి వైపు తుడుస్తాను. అందనిది వదిలేస్తాను, ముందే చెప్తాను, దానికి డబ్బు తీసుకోను. జరిపే అద్దాన్ని ఊడదీసి తుడవమంటారు, అది బరువు, చేయి జారితే కింద మనుషులుంటారు. వద్దు. తాళ్లు కట్టుకుని దిగే పని వేరే, దానికి శిక్షణ, సామాను, బీమా ఉన్న వాళ్లు చేస్తారు. మనది కాదు. "ఇంతేనా, వేరేవాళ్లని పిలుచుకుంటాం" అంటారు. పిలుచుకోనివ్వండి.

చీలిక ఉన్న అద్దం ముట్టుకోకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మన ఊళ్లో అద్దాలు ఎలా పగిలాయో చూశారుగా. తుపాను గాలి తర్వాత పనికెళ్తే ముందు అద్దాలన్నీ ఒకసారి చూసి, చీలికలుంటే ఇంటివాళ్లకి చూపించి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నాకే పని మొదలెట్టండి. తర్వాత మన మీదకి రాకుండా ఉంటుంది.

పథకాల సంగతి. ఈ పనికి పెద్ద రుణం వద్దు. సంఘం పొదుపులోంచి రెండు వేలు తీసుకుని మొదలెట్టండి, తీర్మానం పుస్తకంలో రాయించండి. పని ఆరు నెలలు నిలబడి, నలుగురు కలిసి చేద్దామనుకుంటే అప్పుడు స్త్రీనిధి గురించి, బ్యాంకు లింకేజీ గురించి ఆర్పీగారిని అడగండి. విడిగా కావాలంటే ముద్ర రుణంలో శిశు విభాగం ఉంది, 50,000 వరకు, తాకట్టు అక్కర్లేదు. తాకట్టు లేదంటే తిరిగి కట్టక్కర్లేదని కాదు, అది గుర్తుంచుకోండి. బ్యాంకు వాళ్లు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అడగొచ్చు. అది ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. దానికి ఐదొందలు, వెయ్యి అడిగేవాడు దళారి. ఈ-శ్రమ్ నమోదు కూడా ఉచితమే, 16 నుంచి 59 ఏళ్ల లోపు అసంఘటిత కార్మికులకి. జీఎస్టీ నంబరు లేదా అని ఎవరైనా భయపెడితే, మనలాంటి సేవలకి ఏడాదికి 20 లక్షల రాబడి దాటితేనే అది తప్పనిసరి అని చెప్పండి.

ప్రధానమంత్రి సురక్షా బీమా మాత్రం మొదటి రోజే చేయించుకోండి. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకి, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో ప్రాణం పోయినా, పూర్తి వైకల్యం వచ్చినా 2 లక్షలు, పాక్షికంగా శాశ్వత వైకల్యం అయితే 1 లక్ష. ఆసుపత్రి ఖర్చు ఇందులో రాదు, అది తెలుసుకోండి. బీమా జూన్ 1 నుంచి మే 31 దాకా. మే నెలాఖర్లో ఖాతాలో 20 రూపాయలు లేకపోతే ఆగిపోతుంది, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. మా సంఘంలో ముగ్గురికి అలాగే ఆగిపోయింది, డబ్బు లేక కాదు, గమనించక.

డబ్బులు ఫోన్‌లో తీసుకుంటున్నారు కదా. మీకు డబ్బు రావడానికి పిన్ను నొక్కాల్సిన పని ఉండదు. "అడ్వాన్సు పంపాను, పిన్ను కొట్టండి" అని ఎవరన్నా అంటే ఫోన్ పెట్టేయండి. నన్ను ఒకసారి అలాగే అడిగారు, మా పెద్దాడు పక్కన ఉండి ఆపాడు.

ఇద్దరిద్దరుగా జట్టు కట్టండి. కొత్త ఇంటికి ఒంటరిగా వెళ్లొద్దు. ఏ ఇంటికి వెళ్తున్నారో, ఏ అంతస్తో గ్రూపులో ఒక మెసేజ్ పెట్టి వెళ్లండి. ఇద్దరిలో పొడుగున్నవాళ్లు కర్ర పట్టుకుంటే బావుంటుంది. మా జట్టులో పొడుగు ఆవిడ, నేను చానెల్ మనిషిని.

పేర్లు ఇవ్వాలనుకున్నవాళ్లు వెళ్లేటప్పుడు ఆర్పీగారి పుస్తకంలో రాయించండి. మంగళవారం పది గంటలకి ఇదే కమ్యూనిటీ హాలులో ఈ కిటికీలే తుడుద్దాం, ఎవరూ సామాను కొనకండి, నా వైపరు తెస్తాను. పాత టూత్ బ్రష్, ఒక పాత కాటన్ గుడ్డ మాత్రం మీరు తెచ్చుకోండి. ఈ తూర్పు వైపు కిటికీ చూస్తున్నారా, ఎన్నాళ్లుగా ఎవరూ ముట్టలేదో. దాంతోనే మొదలెడదాం.