శబరిలో దోనె ప్రయాణం

చింతూరు నుంచి కూనవరం దాకా బస్సుల్లో తిరిగినన్నాళ్లూ శబరిని చెట్ల సందుల్లోంచి చూశాం, అంతే. మొన్న వేసవిలో దోనె ఎక్కాం. నీళ్లు తగ్గి ఇసుక తగిలినచోటల్లా దిగి లాగాం. చీరలు మోకాళ్ల దాకా తడిశాయి. తెడ్డు వేసే తాత ప్రతి మడుగుకూ, ప్రతి బండకూ కోయలో ఒక పేరు చెప్పాడు. ఇక్కడే పుట్టినవాళ్లం, సగం పేర్లు మాకే తెలియవు! గోదావరి పొంగితే శబరి ఎక్కడిదాకా ఎగదన్నుతుందో కూడా ఆ బండలను బట్టే చెప్పాడు. పోలవరం నిండితే ఆ గుర్తులన్నీ నీళ్ల అడుగునే. నోటుపుస్తకంలో 23 పేర్లు రాసుకున్నాం. అవతలి ఒడ్డు అలాగే మిగిలింది. వానలు పడకముందే వెళ్దాం. ఈసారి తెడ్డు మీరు వేయండి, రాసే పని మేం చూసుకుంటాం. తాతకు కాస్త చెముడు, గట్టిగా అడగాలి.