చెరువు గట్టున వాతావరణ పాఠం



హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు 16వ శతాబ్దంలో, గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా పాలనలో కట్టించినది. వాన పడాలి, వాగులు పారాలి, చెరువు నిండి అలుగు దుంకాలి. ఇక్కడి పెద్దలకు ఈ లెక్క కంఠపాఠం. ఇప్పుడా లెక్క తప్పుతోంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. అందుకే వాన దిగినప్పుడు కుండపోతగా దిగుతోంది.

ఈ సంగతి రైతుకూ విద్యార్థికీ చెప్పే బాధ్యత ప్రభుత్వానిది. 1991 నవంబరు 22న న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: సినిమా హాళ్లలో పర్యావరణ స్లైడ్లు వేయాలి, రేడియో, టీవీల్లో కార్యక్రమాలు రావాలి, చదువులో పర్యావరణం తప్పనిసరి కావాలి. మరుసటి ఏడాది కుదిరిన ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం 6వ అధికరణం కూడా ప్రజలకు ఈ చదువు అందించమంది. 2001లో మొదలైన జాతీయ హరిత దళం కింద బడుల్లో ఎకో క్లబ్బులకు కేంద్రం నిధులిచ్చింది.

ఎకో క్లబ్బులో ఈ పాఠం మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. నిటారు గోడల ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, దాన్నే తిరగేసి గరాటులా పెట్టి, పక్కన స్కేలు అతికిస్తే వానను కొలిచే సాధనం సిద్ధం. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలత చూసి నోటుబుక్కులో రాసుకునే పిల్లకు వాతావరణం కళ్లెదుటి పాఠమవుతుంది.

మీ పిల్లల బడిలో ఎకో క్లబ్బు నడుస్తోందా? ప్రధానోపాధ్యాయులను అడగండి. లేకపోతే ఈ వానకాలమే మొదలుపెట్టించండి.